కవితలో ‘వాన’ అంటే తెర మీద వానే పడాలా?

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి కవితా లఘుచిత్రాలు, అంటే గొంతు కవిత చదువుతా ఉంటే తెర మీద బొమ్మలు నడిచే చిన్న సినిమాలు, ఇప్పుడు బాగానే వస్తా ఉన్నాయి. చేతిలో ఫోన్ ఉంది, అందులోనే ఎడిటింగ్ యాప్ ఉంది, కవిత్వం రాసేవాళ్ళకు మన దగ్గర ఏనాడూ కొదవ లేదు. సంతోషమే. కానీ చాలావాటిది ఒకటే జబ్బు. గొంతు ‘వాన’ అంటుంది, తెర మీద వాన పడుతుంది. ‘అమ్మ’ అనగానే పొయ్యి ముందు అమ్మ. ‘జ్ఞాపకం’ అన్నారంటే పాత ఆల్బమ్ తిరగేసే చెయ్యి. ఒకటో తరగతి వాచకంలో ‘అ’ పక్కన అమ్మ బొమ్మ వేసేది పిల్లలకు అక్షరం రాదు కాబట్టి. మన ప్రేక్షకులకు తెలుగు వచ్చు కదా! చెవికి అందినదాన్నే కంటికి మళ్ళీ ఎందుకు వడ్డిస్తారు?

ఊరికే చెప్తే తలకెక్కదు. నాలుగు లైన్లు రాసుకుందాం.

అవ్వ పోయినాక
దొడ్లో బాయి నోరు మూసుకునింది.
గిలక మాత్రం
గాలొస్తే ఇంకా కిర్రంటా ఉండాది.

దీన్ని మామూలుగా ఎట్లా తీస్తారు? దండ వేసిన అవ్వ ఫోటో, మూతేసిన బాయి, ఊగే గిలక, వెనక ఫ్లూటు. నాలుగు లైన్లకు నాలుగు షాట్లు. చూసేవాళ్ళకు ఊహించుకోవడానికి ఏమీ మిగల్లేదు. అదే బాయి పక్కన, కడవ దించి దించి రాయి అరిగిపోయిన చోట చిన్న గుంత ఉంటుంది చూడండి, దాన్ని తీయండి. అవ్వ చెయ్యి అక్కడ ఎన్నేళ్ళు ఆడిందో ఆ గుంతే చెప్తుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. ఎండ నెత్తిన పడితే రాయంతా చదునుగా వచ్చి గుంత కనపడకుండా పోతుంది. సాయంత్రం నాలుగున్నర దాటాక, ఎండ వాలినప్పుడు, కెమెరాను నేలకు జానెడు ఎత్తులో పెట్టి ఎండకు ఎదురుగా తీస్తే గుంత అంచు నీడతో పైకి లేస్తుంది. చెంబెడు నీళ్ళు పోస్తే ఇంకా మేలు, ఆ గుంతలో ఆకాశం నిలబడుతుంది. ఒకటే షాటు, 25 సెకన్లు, కెమెరా కదలకూడదు.

ఇక గిలక శబ్దం. మొదటి లైనుకు ముందే ఒకసారి వినిపించాలి, అదేందో ఎవరికీ తెలియకుండా. ‘గిలక’ అనే మాట వచ్చేటప్పుడు ఆ శబ్దం ఉండనే కూడదు. చివరి లైను అయ్యాక 4 సెకన్లు ఏమీ లేకుండా వదిలేసి, అప్పుడు రెండోసారి. గిలకను తెర మీద చూపించనే వద్దు. బొమ్మ మాటకన్నా ముందైనా రావాలి, వెనకైనా రావాలి. రెండూ ఒకేసారి వస్తే ఒకటి దండగ.

ఇదంతా కుదరాలంటే ముందు గొంతు రికార్డు కావాలి, ఆ తర్వాతే షూటింగ్. మనవాళ్ళు తిరగేసి చేస్తారు. బొమ్మలన్నీ తీసుకొచ్చి, వాటిమీద కవితను పరిగెత్తిస్తారు. ఊపిరికి చోటు ఉండదు, షాటు అయిపోతా ఉందని చదివేవాళ్ళు తొందరపడతారు. ముందు గొంతు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. స్టూడియో లేకపోయినా ఫరవాలేదు, రెండు బొంతలు వెనక వేలాడదీసి, పరుపు ఉన్న గదిలో కూర్చుంటే చాలు. నోటికి మైకుకు జానెడు దూరం. మన ఒత్తక్షరాలు, భ, ధ, ఖ, ఫ, మైకు మీద గాలి కొడతాయి. అందుకే మైకును నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకు తిప్పి పెట్టాలి. రికార్డింగ్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి, గట్టిగా పలికినప్పుడు కూడా శబ్దం మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు. చదవడం అయ్యాక ఎవరూ కదలకుండా ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి. లైన్ల మధ్య ఖాళీ పెంచాల్సి వస్తే అక్కడ వేసేది ఇదే. ఉత్త ఖాళీ పెడితే శబ్దం తెగిపోయినట్టుంటుంది, చెవి వెంటనే పట్టేస్తుంది.

ఎవరు చదవాలి? రాసినవాళ్ళే. రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ 1975 నాటి ‘మిర్రర్’ సినిమాలో తండ్రి ఆర్సెనీ కవితల్ని తండ్రి గొంతుతోనే వినిపించాడు. మనవాళ్ళేమో ‘కిర్రంటా ఉండాది’ అని రాసి, రికార్డింగ్‌కు పోయేసరికి ‘కిర్రుమంటూ ఉంది’ అని దిద్దేస్తారు. రేడియో యాడ్ గొంతు ఒకటి తెచ్చి పెడతారు. ఆ ‘ఉండాది’లోనే అవ్వ ఉంది. దాన్ని తీసేస్తే ఆ బాయి ఏ జిల్లాదైనా ఒకటే.

ఛందోబద్ధ పద్యాలతో చేసేవాళ్ళకు ఒక మాట. 1936లో బ్రిటన్ తపాలా శాఖ చిత్ర విభాగం తీసిన ‘నైట్ మెయిల్’ డాక్యుమెంటరీ చివర్లో ఇంగ్లీషు కవి ఆడెన్ కవిత రైలు చక్రాల లయతో నడుస్తుంది. మనకు ఆ లయ పద్యంలోనే కట్టి ఉంది, వాడుకోవడంలేదు అంతే. ఎడిటింగ్‌లో పాదం చివర షాటు కోస్తారు. మన వృత్తాల్లో మాట ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలో ముగియడం మామూలే, కాబట్టి అక్కడ కోస్తే పదం నడుమ బొమ్మ మారుతుంది. దాని బదులు యతి దగ్గర కోసి చూడండి. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11, శార్దూలంలో 13, మత్తేభంలో 14. మొదటి అక్షరంతో మైత్రి కలిసి చెవి అక్కడ కుదుటపడుతుంది, కోత కంటికి తెలియదు. తాపీగా చదివితే ఉత్పలమాల పాదం ఐదారు సెకన్లు. రంగస్థల పద్యంలా రాగం తీస్తే ఎంతకు పోతుందో లెక్కే ఉండదు. అందుకే ఇలాంటి చిత్రంలో రాగం వద్దంటాను.

జ్ఞాపకం అనగానే పసుపురంగు పూసి, అంచులు మసకచేసి, స్లో మోషన్ పెడతారు. నిజంగా గుర్తొచ్చేవి మసగ్గా ఉండవు. ఒక్క ముక్క మరీ స్పష్టంగా ఉంటుంది, చుట్టూ ఉన్నది పోయి ఉంటుంది. బెల్లం వండే చోటు గుర్తుచేయాలంటే గానుగ, పొయ్యి, మనుషులు అంతా చూపించనక్కర్లేదు. పెనంలో పొంగే నురగ ఒక్కటి, తెర నిండా. ఆవిరి కనపడాలంటే వెలుతురు దానికి వెనకనుంచి రావాలి, ఆ వెనక చీకటిగా ఉండాలి. పొద్దున ఏడు గంటల ఎండ సరిపోతుంది. చల్లటి లెన్సును ఒక్కసారిగా ఆవిరి దగ్గరకు తీసుకుపోతే తెల్లగా పట్టేస్తుంది. 10 నిమిషాలు ముందే పొయ్యికి కొంచెం దూరంలో పెట్టి వేడెక్కనివ్వాలి.

స్లో మోషన్ రాత్రి ట్యూబులైటు కింద తీస్తే చారలు, మిణుకులు తప్పవు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, స్లో మోషన్‌కు వాడే సెకనుకు 120 ఫ్రేముల వేగం దాన్ని పట్టేస్తుంది. మామూలు వేగంలో కూడా షట్టర్ వేగాన్ని సెకనులో 1/50 లేదా 1/100 వంతుకు కట్టేయాలి. ఫోన్ వీడియోలో ఇంకో తంటా ఉంది. ఫ్రేముల వేగం దానంతటదే మారుతూ ఉంటుంది, మూడు నిమిషాలయ్యేసరికి గొంతు ఒక దారి, బొమ్మ ఒక దారి. ఎడిటింగ్‌కు ముందే హ్యాండ్‌బ్రేక్‌లాంటి వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి వేగాన్ని స్థిరంగా మార్చుకోండి.

తెర మీద అక్షరాలు వేయాలంటే, ఒత్తులు విరిగి పక్కన పడుతున్నాయేమో దయచేసి చూసుకోండి. ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఎంపిక ఉంది, అది పెట్టకపోతే ‘క్ష్మి’ మూడు ముక్కలవుతుంది. కవితా చిత్రంలో అక్షరం విరగడం కన్నా అవమానం ఏముంది? మండలి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. గొంతు వినిపిస్తున్నప్పుడు అదే లైను తెర మీద వేయకండి, అది మళ్ళీ వాచకమే.

ఇంక ఊరు. ప్రతి చిత్రమూ డ్రోన్‌తోనే ఎందుకు మొదలుకావాలి? తిరుమల మీద డ్రోన్ నిషేధం, శేషాచలం అడవిలో తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అయినా పైనుంచి చూస్తే ఏ ఊరైనా ఒకటే. స్వర్ణముఖి ఏటి ఎండిన ఇసుకలో పశువుల అడుగులు చాలవా? కపిలతీర్థం జలపాతం కావాలనుకుంటే నవంబరు, డిసెంబరు దాకా ఆగండి. ఈశాన్య రుతుపవనాల వాన పడి కొండ నీళ్ళు దిగినప్పుడే దానికి అసలు గొంతు వస్తుంది. ఆ హోరును కవిత కింద పెట్టకండి, మాట మునిగిపోతుంది. కవిత ఆగినచోట పెట్టండి.

చివరిగా మిక్సింగ్ అయ్యాక ఫోన్ స్పీకర్లో వినండి, ఎక్కువమంది వినేది అందులోనే. ఉరుములాంటి లోతు శబ్దాలు అందులో దాదాపు మాయమవుతాయి, ఉరుము మీద ఆధారపడి రాసిన చోటు బోసిపోతుంది. గిలక కిర్రు మాత్రం సన్నటి శబ్దం, ఎంత చిన్న స్పీకర్లోనైనా పలుకుతుంది.