కూత కొంచెం, పిట్ట ఘనం: పాటల యాప్‌కు ఒక లేఖ

మహారాజశ్రీ నా ల్యాప్‌టాప్‌లో కొలువుదీరిన పాటల యాప్ వారి సముఖమునకు తమ చందాదారుడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, ఉభయుల్లో తమరొక్కరే కుశలంగా ఉన్నారు. తమరు పాట ఎత్తుకున్న రెండు నిమిషాలకే నా ఏడేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఫ్యాను గిర్రున తిరగడం మొదలవుతుంది, దాని అడుగుభాగం అట్ల పెనంలా కాలుతుంది, ఎక్సెల్‌లో ఒక గడి నుంచి పక్క గడికి వెళ్లాలంటే ముహూర్తం చూసుకోవలసి వస్తుంది. మొన్న రాత్రి ఘంటసాల గొంతు మంద్రంలోకి దిగిన చోట నాకు వినిపించింది ఫ్యాను హోరు.

అప్పుడు ఏ ప్రోగ్రామ్ కంప్యూటర్‌ను ఎంత వాడుకుంటోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచాను. తమ పేరు పక్కనున్న బాణం గుర్తు నొక్కగానే కింద ఆరు వరుసలు బారులు తీరాయి; అన్నీ కలిపి ప్రాసెసర్‌లో 31 శాతం. పాడేది ఒక్కరే కదా, తక్కిన అయిదుగురూ ఎవరని విచారిస్తే, తమరు గాయకుడి వేషం కట్టిన వెబ్ బ్రౌజర్ అనీ, క్రోమ్‌కు ఆధారమైన క్రోమియంనే తమరూ కడుపులో పెట్టుకు తిరుగుతున్నారనీ, పేజీ గీయడానికి ఒక ప్రాసెస్, గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడటానికి ఒకటి, నెట్‌వర్క్ పనులకు మరొకటి వెంట ఉంటాయనీ తెలిసింది. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినవాళ్ల గురించి విన్నాను గానీ, పాట పాడటానికి బ్రౌజర్‌ను చంకన పెట్టుకొచ్చినవారిని చూడటం ఇదే మొదలు. (విండోస్‌కూ మాక్‌కూ చాలావరకు ఒకే కోడ్ సరిపోతుందన్న తమ యజమానుల పొదుపు నాకు అర్థమవుతుంది, ఆ పొదుపు తాలూకు కరెంటు బిల్లు మాత్రం నా పేరున వస్తోంది.)

పాడటం అంత భారమైన పనే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నేను వినే నాణ్యత సెకనుకు 320 కిలోబిట్లు, అంటే 40 కిలోబైట్లు. 1997లో వచ్చిన విన్యాంప్ అనే పాటల ప్రోగ్రామ్, ఆనాటి పెంటియం కంప్యూటర్ల మీదే ఎంపీ3 పాటలను చక్కగా వినిపించింది.

అనుమానం తీరక ఒక చిన్న పరీక్ష పెట్టాను. పాట ఆపి, తమ విండోను తెర మీద అలాగే ఉంచితే ప్రాసెసర్ వాడకం 31 నుంచి 27కు మాత్రమే దిగింది. పాట మళ్లీ మొదలుపెట్టి, విండోను కిందికి దించేస్తే (మినిమైజ్ చేస్తే) 3 శాతానికి పడిపోయింది, పాట మాత్రం నిక్షేపంలా సాగింది. అంటే తమరు గొంతుకు ఖర్చు పెట్టేది ఆ మూడు శాతంలోనే ఇమిడి ఉంది. మిగిలినదంతా ఆల్బమ్ బొమ్మ వెనుక పదే పదే తిరిగే వీడియో ముక్కకూ, పాటతో పాటు పైకి జరిగే సాహిత్యానికీ, పక్కపట్టీలో ఏ మిత్రుడు ఏం వింటున్నాడన్న చాడీలకూ, వెరసి అలంకారానికి.

తెర మీద బొమ్మలు గీసే పనిని ప్రాసెసర్ నుంచి గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే సెట్టింగు, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ సంగతీ చెప్పాలి. దాన్ని ఆపేయమని ఒక మిత్రుడు, ఆపవద్దని ఇంకొకడు సలహా ఇచ్చారు. విచిత్రమేమంటే ఇద్దరిదీ నిజమే. గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, సవ్యంగా ఉంటే గీసే పని ఆ చిప్ మోస్తుంది, డ్రైవర్ పాతదైతే తిరిగి ప్రాసెసర్ నెత్తినే పడవచ్చు. నాది రెండో జాతకం. డ్రైవర్‌ను కొత్తది చేశాక 31 కాస్తా 14 అయింది, తిరిగే వీడియోలనూ మిత్రుల పట్టీనీ సెట్టింగుల్లో ఆపాక 6కు వచ్చింది. కంప్యూటర్ వెలగగానే పిలవని పేరంటంలా తమరూ ప్రత్యక్షమయ్యే అలవాటును కూడా అక్కడే మాన్పించాను. ఇంటూ గుర్తు నొక్కినా వెళ్లిపోకుండా గడియారం పక్కన నక్కి కూర్చునే అలవాటు ఒకటి ఉంది, దానికి టిక్కు తీయడమే మందు.

ప్రస్తుతం తమ విండోను కిందికి దించి, పాట మార్చవలసి వస్తే కీబోర్డు మీది మీటతో మారుస్తూ, తమ ముఖం చూడకుండా పాట వింటున్నాను. అన్యథా భావించవద్దు, నేను నెలనెలా చందా కడుతున్నది గొంతుకు.

ఇట్లు,
ఫ్యాను ఆగినందున చాలా రోజుల తరువాత పాట చివరిదాకా విన్న
తమ చందాదారుడు