విపత్తు నిర్వహణ: ఎన్నాళ్ళీ 'అదనపు బాధ్యత'?

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోందని వాతావరణ శాఖ చెప్పగానే సచివాలయం నుంచి ఒక ఉత్తర్వు వస్తుంది. తీర జిల్లాలకు ప్రత్యేకాధికారులుగా ఫలానా ఐఏఎస్‌లు అని. వాళ్ళలో ఒకరు ఆ ఉదయం దాకా పెట్టుబడుల ఫైళ్ళు చూస్తున్నవారు కావచ్చు, ఇంకొకరు పాఠ్యపుస్తకాల టెండర్లు చూస్తున్నవారు కావచ్చు. సాయంత్రానికి కారెక్కి జిల్లాకు చేరతారు. కలెక్టరేట్‌లో కంట్రోల్ రూమ్ తెరుస్తారు. ఫోన్లు మోగుతుంటాయి, టెలీకాన్ఫరెన్స్‌లు ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. తుఫాను తీరం దాటాక, పంట నష్టం అంచనాలు పంపించి ఎవరి శాఖకు వాళ్ళు తిరిగి వెళ్ళిపోతారు. ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నది కూడా వాళ్ళతోనే వెళ్ళిపోతుంది.

ఆ నాలుగు రోజులూ వాళ్ళు పడే కష్టం మీద నాకు ఫిర్యాదు లేదు. చాలామంది నిద్రాహారాలు మాని పనిచేస్తారు. నా ప్రశ్న వేరు. ప్రాణాలు కాపాడే ఈ పనిని మన రెండు రాష్ట్రాల్లోనూ ఎవరూ వృత్తిగా ఎందుకు చేయలేకపోతున్నారు? వైద్యానికి డాక్టరు, వంతెనకు ఇంజినీరు, లెక్కలకు ఆడిటరు ఉన్నారు. విపత్తుకు మాత్రం అప్పుడు ఆ కుర్చీలో ఎవరుంటే వాళ్ళే.

దీనికి మూల్యం ఎంతో మన తీరానికి తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. 1990 మే 9న మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే పెను తుఫాను తీరం దాటింది. అప్పటికి హెచ్చరికలు మెరుగుపడ్డాయి, షెల్టర్లు కట్టారు, లక్షల మందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. పాఠం ఒంటబట్టిందనే అనుకున్నారు. ఆరేళ్ళకు, 1996 నవంబరు 6న, కోనసీమ మీద పరిమాణంలో చిన్న తుఫానే వచ్చినా తీరానికి దగ్గర్లో వేగంగా బలపడి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం లాంటి ఊళ్ళ నుంచి వేటకు పోయినవాళ్ళు తిరిగి రాలేదు. 1990లో కృష్ణా తీరాన్ని ఖాళీ చేయించిన అధికారులు 1996 నాటికి ఎక్కడెక్కడ ఏ శాఖల్లో ఉండి ఉంటారో ఊహించడం కష్టమేమీ కాదు.

అసలు ఖాళీ చేయించడం అనేది ఎంత నైపుణ్యమున్న పనో దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది. తుఫాను వస్తోంది, గుడిసె వదిలి రమ్మంటే మత్స్యకారుడు ముందు పడవ సంగతి అడుగుతాడు. వల సంగతి అడుగుతాడు. ఇంట్లో ముసలామె కోళ్ళను, మేకను వదిలి కదలనంటుంది. పోయిన తడవ వెళ్తే షెల్టర్‌లో మరుగుదొడ్డికి తాళం వేసి ఉందని, అన్నం రాత్రి పదింటికి వచ్చిందని ఆడవాళ్ళు గుర్తు చేస్తారు. పోయినసారి మీరు రమ్మన్నారు, తీరా తుఫాను ఒడిశాకు పోయిందని కుర్రాళ్ళు నవ్వుతారు. వీటన్నిటికీ సమాధానం వీఆర్వో దగ్గర ఉంటుంది. పడవలు ఎక్కడ కట్టాలో, ఎవరు చెబితే ఎవరు కదులుతారో, ఏ ఇంట్లో నిండు చూలాలు ఉందో ఆయనకు తెలుసు. ఈ విద్య ఏ మాన్యువల్‌లోనూ లేదు. ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయిన రోజు ఊరు దాన్ని పోగొట్టుకుంటుంది. ఛార్జ్ అప్పగించేటప్పుడు అడంగళ్ళు, రిజిస్టర్లు అప్పగిస్తారు గానీ దీన్ని అప్పగించే కాలమ్ ఎక్కడుంది?

కాగితం మీద మనకు లోటు లేదు. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్' అనే మార్గదర్శకాలు ఇచ్చింది. దీని మూలం 1970లో కాలిఫోర్నియాను కాల్చేసిన కార్చిచ్చుల్లో ఉంది. అప్పుడు పదుల సంఖ్యలో అగ్నిమాపక సంస్థలు వచ్చాయి. ఎవరి వైర్‌లెస్ ఎవరికీ అందలేదు, ఎవరు ఎవరికి ఆదేశాలివ్వాలో తేలలేదు. దాంతో ఒక నియమం పెట్టుకున్నారు: ఘటనకు ఒకే కమాండర్, ఆయన కింద ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్ విభాగాలకు ఒక్కో అధిపతి, అందరూ ముందే శిక్షణ పొందినవాళ్ళు. మన మార్గదర్శకాల్లో కూడా ఈ కుర్చీలన్నీ ఉన్నాయి. జిల్లా ప్రణాళికల్లో కుర్చీకి ఎదురుగా హోదా రాస్తారు. లాజిస్టిక్స్‌కు ఫలానా డిప్యూటీ కలెక్టర్ అని ఉంటుంది. ఆ డిప్యూటీ కలెక్టర్‌కు ఆ పేజీ చూపించిన వాళ్ళున్నారా అన్నది మాత్రం జిల్లాను బట్టి, అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

2024 సెప్టెంబరు మొదటి వారం దీనికి పెద్ద పరీక్ష పెట్టింది. బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. బ్యారేజీ చరిత్రలోనే అది రికార్డు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కలెక్టరేట్‌నే సచివాలయంగా మార్చుకుని, రాత్రిళ్ళు బస్సులోనే పడుకుని పనిచేశారు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలోనూ ఇలాగే చేశారు. వార్డులకు సీనియర్ అధికారులను ఇన్‌ఛార్జీలుగా పంపారు, డ్రోన్లతో ఆహారం పంపారు, గండ్లు పూడ్చడానికి ఆర్మీని పిలిపించారు. ఇంత జరిగినా పెద్ద రోడ్డు పక్కన ఉన్నవాళ్ళకు పొట్లాలు రెండుసార్లు అందితే, లోపలి సందుల్లో మేడల మీద ఉన్నవాళ్ళు మంచినీళ్ళ కోసం కేకలు వేశారు. అలవాటు లేని చేతులతో లాజిస్టిక్స్ నడిపితే ఇలాగే ఉంటుంది. పడవలో ఎన్ని పొట్లాలు పడతాయి, ఏ సందులోకి ఏ పడవ దూరుతుంది, చివరి ఇంటి నుంచి మొదలుపెట్టాలా మొదటి ఇంటి నుంచా, ఇవన్నీ అప్పటికప్పుడు ఆలోచించే విషయాలు కావు.

ముఖ్యమంత్రి స్వయంగా దిగడం గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. జనానికి అది ధైర్యం ఇస్తుంది, శాఖలు పరిగెత్తుతాయి, నిధులు కదులుతాయి. అంతవరకు మంచిదే. కానీ ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లో కూర్చుంటే కలెక్టర్ చూపు ముంపు ప్రాంతం వైపు కాకుండా ముఖ్యమంత్రి వైపు తిరుగుతుంది. రివ్యూకు లెక్కలు సిద్ధం చేయడానికే సగం సిబ్బంది పోతారు. నాయకుడి పని వనరులు తెప్పించడం, నిజం చెప్పడం, నిందను తన మీద వేసుకోవడం. పడవలు పంపే పని శిక్షణ ఉన్నవాడికి వదిలేయాలి. అలా వదిలేయడానికి ఆ మనిషి ఉండాలి కదా అంటారా? నేనంటున్నదీ అదే.

అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోయారు. వాతావరణం బాగోలేక హెలికాప్టర్ రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి బండి నడుపుకుంటూ వెళ్ళి వాళ్ళను తెచ్చాడు. సన్మానాలు జరిగాయి, జరగాల్సిందే. ఆ చప్పట్ల హోరులో ఒక ప్రశ్న మాత్రం ఎవరికీ వినిపించలేదు. జిల్లా కేంద్రంలో, ఊరి మధ్య వంతెన మీద చిక్కుకున్నవాళ్ళను కాపాడటానికి జీతం తీసుకునే మనిషి ఎవరు?

మన దగ్గర ఈ రంగంలో వృత్తి నైపుణ్యం అసలు పుట్టదనుకోవడం కూడా తప్పు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) అనే ఉద్యోగం ఒకటుంటుందని మనలో ఎంతమందికి తెలుసు? డిగ్రీ చదివిన పిల్లల్ని తీసుకుని శిక్షణ ఇచ్చి అంబులెన్సుల్లో ఎక్కించారు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి పారామెడిక్ కోర్సు నడిపారు. ఈ నమూనా తర్వాత చాలా రాష్ట్రాలకు వెళ్ళింది. ఈఎంటీల జీతాల గొడవలు, సమ్మెలు వేరే కథ. అయినా ఫోన్ చేస్తే వచ్చే మనిషికి పని తెలిసి ఉంటుందని జనం నమ్మేలా ఒక కొత్త వృత్తి మన కళ్ళ ముందే తయారైంది.

సింగరేణి ఉదాహరణ ఇంకా పాతది, నా దృష్టిలో ఇంకా గట్టిది. గనుల్లో రెస్క్యూ టీమ్ ఎలా ఉండాలో చట్టబద్ధమైన నిబంధనలున్నాయి. వైద్య పరీక్ష నెగ్గాలి, శ్వాస పరికరం తగిలించుకుని పొగలో, వేడిలో నడవడం నేర్చుకోవాలి, శిక్షణ ఒకసారి అయిపోయిందని వదలకుండా క్రమం తప్పకుండా సాధన చేస్తూ ఉండాలి. దేశవ్యాప్త పోటీల్లో మిగతా కంపెనీల జట్లతో తలపడతారు. 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు ఆర్మీ, ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం)లతో పాటు సింగరేణి వాళ్ళను కూడా పిలిచారు. ఎనిమిది మందిలో ఎవరూ బతికి బయటపడలేదు. అన్ని సంస్థల మధ్య సమన్వయం ఎవరు చేయాలన్నది అక్కడా పెద్ద సమస్యే అయింది. కానీ బురదలోకి, కూలుతున్న పైకప్పు కిందికి వెళ్ళడానికి తర్ఫీదు ఉన్న మనుషులు కొందరైనా తెలంగాణలోనే దొరికారు. కారణం, దశాబ్దాలుగా వాళ్ళకు అదే పని.

పక్కనున్న ఒడిశాను తరచూ ఉదాహరణగా చెబుతారు, కానీ అసలు విషయం వదిలేస్తారు. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మంది చనిపోయాక ఆ రాష్ట్రం విపత్తులకు ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది. ఆ తర్వాత సొంత రెస్క్యూ దళం తయారు చేసుకుంది. 2013లో ఫైలిన్‌కు పది లక్షల మంది వరకు, 2019లో ఫణికి 12 లక్షల మంది వరకు తరలించింది. ఆ సంస్థకూ ఐఏఎస్‌లే అధిపతులు. తేడా ఎక్కడంటే, ఆ కుర్చీ అక్కడ పక్కన పడేయడానికి ఇచ్చే లూప్‌లైన్ పోస్టు కాదు. ప్రదీప్ జెనా కొన్నేళ్ళు ప్రత్యేక సహాయ కమిషనర్‌గా చేసి, తర్వాత రాష్ట్ర ప్రధాన కార్యదర్శి అయ్యారు. తుఫానుల పని చేస్తే పైకి వెళ్ళవచ్చని ఒక తరం అధికారులకు తెలిసింది. మన దగ్గర అదే శాఖకు వేస్తే, పాపం ఏం జరిగిందోనని బ్యాచ్‌మేట్లు ఫోన్ చేసి పరామర్శిస్తారు.

అమెరికా ఈ విషయంలో ఒకసారి నేర్చుకుని, మళ్ళీ మరిచిపోయింది. అక్కడి సమాఖ్య విపత్తు సంస్థకు 1993లో జేమ్స్ లీ విట్ వచ్చేదాకా ఆ పని చేసి వచ్చిన అధిపతే లేడు. ఆయన దాన్ని గాడిలో పెట్టారు. 2005లో కత్రినా తుఫాను వచ్చేనాటికి ఆ కుర్చీలో మైకేల్ బ్రౌన్ ఉన్నారు. ఆ సంస్థలోకి రాకముందు ఆయన అరబ్బీ గుర్రాల సంఘంలో కమిషనర్. న్యూ ఓర్లీన్స్ మునిగింది, వెయ్యి మందికి పైగా పోయారు, రెండు వారాల్లోనే ఆయన రాజీనామా చేశారు. మరుసటి ఏడాది చట్టం తెచ్చి, ఈ రంగంలో నిరూపితమైన అనుభవం లేనివారు ఆ సంస్థకు అధిపతి కారాదని రాసుకున్నారు. అయినా 2025లో అనుభవం లేని వ్యక్తికి తాత్కాలిక హోదాలో పగ్గాలు ఇచ్చేశారు. మనకు బాగా తెలిసిన కిటుకే: ఇన్‌ఛార్జి! కానీ అక్కడ కింది స్థాయి వేరుగా ఉంటుంది. నగరాల్లో, కౌంటీల్లో అత్యవసర నిర్వహణ అధికారి అన్నది జీవితకాలం చేసే ఉద్యోగం. అనుభవం, శిక్షణ గంటలు చూపించి పరీక్ష రాస్తే వృత్తి సంఘం సర్టిఫికెట్ ఇస్తుంది, దాన్ని ఐదేళ్ళకోసారి మళ్ళీ నిలబెట్టుకోవాలి. పైవాడు తప్పటడుగు వేసినా కింద పని తెలిసినవాళ్ళు ఉంటారు.

కలెక్టర్ చేతిలో అధికారం ఉండాల్సిందే కదా అని సీనియర్ అధికారులు అంటారు. నిజమే. పోలీసు, వైద్యం, విద్యుత్తు, పౌరసరఫరాలు అన్నీ ఒక మాట మీద కదలాలంటే కలెక్టరే కమాండర్‌గా ఉండాలి. దాన్ని మార్చమని నేను అనను. కానీ కలెక్టర్ పక్కన కూర్చుని 'సార్, ఈ లంకకు మూడో హెచ్చరిక దాకా ఆగకూడదు, రోడ్డు ముందే మునుగుతుంది' అని చెప్పే ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి పదేళ్ళుగా అదే జిల్లాలో అదే పనిలో ఉండాలి. ఇప్పుడు ఆ చోట ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగులు కనబడతారు. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగం ముగుస్తుంది. విపత్తు నిర్వహణలో పీజీ చేసిన పిల్లలకు స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సేఫ్టీ విభాగాలు తప్ప మన ప్రభుత్వాల్లో మెట్టు మెట్టు ఎక్కే దారి లేదు. గ్రూప్‌–1, గ్రూప్‌–2 నోటిఫికేషన్లలో ఎన్నో రకాల పోస్టులుంటాయి, విపత్తు అధికారి అనే పోస్టు ఒక్కటీ కనబడదు. ఎన్‌డీఆర్‌ఎఫ్ జవాన్లు కూడా కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చి, గడువు కాగానే వెనక్కి వెళ్ళేవాళ్ళే.

డబ్బు లేదనే సాకు కూడా పూర్తిగా నిలబడదు. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధిలో పదోవంతును సన్నద్ధతకు, సామర్థ్యం పెంచడానికే కేటాయించింది. చోటు కూడా దగ్గర్లోనే ఉంది. గన్నవరం సమీపంలోని కొండపావులూరులో ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్, జాతీయ విపత్తు నిర్వహణ శిక్షణ సంస్థ దక్షిణాది ప్రాంగణం పక్కపక్కనే ఉన్నాయి. ఆ ప్రాంగణాన్ని 2025 జనవరిలో ప్రారంభించారు. అక్కడికి మూడు రోజుల శిక్షణకు వచ్చి గ్రూప్ ఫొటో దిగి వెళ్ళే అధికారులకు బదులు, ఇదే జీవితం అనుకున్న జూనియర్లు ఏడాది పాటు చదివి జిల్లాలకు వెళ్తే ఆ భవనాలు కట్టినందుకు ఫలితం ఉంటుంది.

ఇంతలో చట్టానికి 2025లో సవరణ వచ్చింది. రాష్ట్ర రాజధానులకు, కార్పొరేషన్ ఉన్న నగరాలకు విడిగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు పెట్టవచ్చని అందులో ఉంది. విజయవాడ, విశాఖ, వరంగల్ లాంటి నగరాలకు అవసరమైన మార్పే. హైదరాబాద్‌లో విపత్తు స్పందన, ప్రభుత్వ ఆస్తుల రక్షణ చూసే హైడ్రా రూపంలో ఒక ప్రయత్నం ముందే మొదలైంది. కూల్చివేతల వార్తల్లో పడి దాని విపత్తు బృందాల పని ఎవరి కంటికీ ఆనడం లేదు గానీ, నాలాల్లో నీరు నిలిచిన చోట మోటార్లతో కనబడేది వాళ్ళే. ఇక కొత్త పట్టణ సంస్థకు అధ్యక్షుడెవరని సవరణ చట్టంలో చూస్తే, మున్సిపల్ కమిషనర్ అని ఉంది. అంటే చెత్త, మంచినీళ్ళు, ఆస్తి పన్ను, వీధి దీపాలు, ప్లాన్ అనుమతులు, కౌన్సిల్ సమావేశాలు చూసుకునే అధికారి, వాటితో పాటు ఇదీ చూసుకుంటారు.