ఒంటి మీది మచ్చను ఆటగాడు ఎందుకు దాస్తాడు?

స్కూలు ఆటల్లో అంటురోగాల మాట రాగానే పెద్దవాళ్ల చెయ్యి ముందుగా స్ప్రే సీసా మీదికి పోతుంది. కోవిడ్ తర్వాత ఈ అలవాటు మరీ ముదిరింది. పోటీల ముందురోజు హాలంతా మందు కొట్టి, ఒక ఫోటో తీసుకుని, హమ్మయ్య అనుకుంటారు. శుభ్రం చేయొద్దని నేననను. కాకపోతే జట్లలో చర్మవ్యాధులు పాకిన సందర్భాలను తిరగేస్తే నేల మీది క్రిమి కన్నా పెద్ద సమస్య ఇంకొకటి కనబడుతుంది. ఒంటి మీద పొక్కు ఉన్నా చెప్పకుండా బరిలోకి దిగే పిల్లాడు.

1989 జులైలో అమెరికాలోని మిన్నెసోటాలో హైస్కూలు కుర్రాళ్లకు కుస్తీ శిక్షణ శిబిరం పెట్టారు. 175 మంది వస్తే 60 మందికి హెర్పిస్ సోకింది. పెదవి అంచున పొక్కులు లేపే వైరస్సే ఇది. కుస్తీలో చెంపకు చెంప, మెడకు మెడ రాసుకుంటాయి కాబట్టి ఎక్కువమందికి పొక్కులు తల, ముఖం భాగాల్లోనే లేచాయి. ఆ శిబిరంలో పిల్లలు మూడు గ్రూపులుగా ప్రాక్టీసు చేశారు. ఒక గ్రూపులో 25 శాతం మందికి సోకితే ఇంకో గ్రూపులో ఏకంగా 67 శాతం మందికి సోకింది. దద్దుర్లున్న వాడితో తలపడ్డామని చెప్పినవాళ్లలోనే జబ్బు ఎక్కువ. అంటే అది ప్రధానంగా పట్టుపట్టినవాడి ఒంటి నుంచి నేరుగా ఎదుటివాడి ఒంటికి పాకింది. మ్యాట్‌ను రోజుకు పదిసార్లు తుడిచినా ఆ దారి మూసుకోదు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2007లో, అదే రాష్ట్రంలో అదే జబ్బు మళ్లీ తలెత్తితే రాష్ట్రమంతటా హైస్కూలు కుస్తీని 8 రోజులు ఆపేయాల్సి వచ్చింది.

ఒంటి మీద ఏదో లేచిందని ఆ పిల్లాడికి తెలియదా? అందరికంటే ముందు వాడికే తెలుస్తుంది. చెబితే పక్కన కూర్చోబెడతారనీ, కూర్చుంటే తన చోటు ఇంకొకడికి పోతుందనీ కూడా తెలుసు. అందుకే కుస్తీ కుర్రాళ్లలో కొందరు పొక్కును గరుకు కాగితంతో రుద్ది, బ్లీచ్ రాసి, 'మ్యాట్ గీసుకుంది సార్' అని చెప్పడం ఆ ఆట చుట్టూ ఉన్నవాళ్లకు కొత్తేమీ కాదు. గజ్జల్లో తామర వస్తే సిగ్గు కూడా తోడవుతుంది. కోచ్‌కు ఫైనల్ టెన్షన్, అమ్మానాన్నలకు స్పోర్ట్స్ కోటా ఆశ. మచ్చ కనబడినా చూపు తిప్పుకోవడానికి ప్రతివాళ్లకూ ఏదో ఒక కారణం ఉంటుంది.

చీలమండ బెణికిన పిల్లాడిని చూడండి. జట్టంతా చుట్టూ మూగి ఐస్ పెడుతుంది, కోచ్ భుజం తడతాడు, 'నువ్వు వచ్చేదాకా నీ చోటు నీదే' అంటాడు. అదే పిల్లాడికి తామర వస్తే? పక్కన కూర్చునేవాడు జరుగుతాడు. నాలుగు రోజుల్లో ఏదో మారుపేరు కూడా పుడుతుంది. రెండింటికీ కావలసింది కొన్నాళ్ల విశ్రాంతే, కానీ ఒకదానికి జాలి, ఇంకోదానికి వెలి. ఇలాంటి చోట నిజం చెప్పమని పిల్లలకు పాఠాలు చెప్పి ప్రయోజనం లేదు.

నియమాలు లేక కాదు. అమెరికాలో హైస్కూలు క్రీడల సమాఖ్య కుస్తీ పిల్లల కోసం, చర్మవ్యాధి వచ్చినవాళ్లు ఎప్పుడు తిరిగి ఆడొచ్చో డాక్టరు రాసిచ్చే ఒక వైద్య పత్రం రూపొందించింది. చీము పట్టే చర్మవ్యాధి అయితే కనీసం 72 గంటలు యాంటీబయాటిక్ వాడాలి, పుండ్లు ఎండాలి. ఒంటి మీది తామరకూ 72 గంటల మందు తప్పదు, నెత్తిమీద వస్తే 14 రోజులు. ఇవి సబబైన గడువులే. కానీ కొద్ది నెలల సీజన్‌లో 14 రోజులంటే పిల్లాడికి చిన్న ముక్క కాదు. దూరంగా ఉండమని చెప్పే నియమం పక్కనే, తిరిగొచ్చాక నీ చోటు నీకే అని చెప్పే నియమం కూడా ఉండాలి. రెండోది రాతపూర్వకంగా ఇచ్చే జట్లు అరుదు. ఇవ్వనంతకాలం మొదటిదాన్ని దాటడానికి పిల్లలు దొడ్డిదారులు వెతుకుతూనే ఉంటారు.

మందులకు ఒక పట్టాన లొంగని స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా, అదే ఎంఆర్‌ఎస్‌ఏ, ఈ దాపరికాన్ని ఇంకా ప్రమాదకరం చేస్తుంది. మొదట్లో అది మొటిమలానో, పురుగు కుట్టినట్టో ఉంటుంది. 2003లో అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ జట్టు సెయింట్ లూయిస్ రామ్స్‌లో 58 మందికి గాను ఐదుగురికి ఇది 8 సార్లు సోకింది. అన్నీ కృత్రిమ గడ్డి మీద పడి చర్మం గీసుకుపోయిన చోట్లే. టవళ్లు పంచుకోవడం లాంటి అలవాట్లు కూడా అక్కడ బయటపడ్డాయి. ప్రత్యేక వైద్యులున్న జట్టుకే ఆ గతి పడితే, గీసుకుపోయిన మోకాలిని ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ పరుగెత్తే స్కూలు పిల్లల సంగతి చెప్పేదేముంది? గీత పడగానే సబ్బుతో కడిగి, చెమటకు ఊడని కట్టు కట్టడం పెద్ద ఖర్చున్న పని కాదు. కానీ ఆట మధ్యలో దానికి రెండు నిమిషాలు ఇచ్చేవాళ్లు కావాలి.

నా వాదనకు అడ్డుపడే ఉదాహరణ కూడా ఒకటుంది. 2010లో అమెరికాలోని ఒరెగాన్ నుంచి 13-14 ఏళ్ల ఆడపిల్లల సాకర్ జట్టు ఒకటి పోటీలకు వెళ్లింది. ఒకమ్మాయికి రాత్రి వాంతులు పట్టుకున్నాయి. ఆ అమ్మాయి దాచలేదు, జట్టుకు దూరంగా జరిగింది. అయినా మిగతావాళ్లలో కొందరికి వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ సోకింది. ఆమె వాడిన బాత్రూమ్‌లో చిరుతిళ్ల సంచీ ఒకటి పెట్టి ఉంది. వాంతి తుంపరలు దాని మీద పడ్డాయి, మర్నాడు దాంట్లోని చిరుతిళ్లనే పంచుకుని తిన్నారు. శుభ్రత పట్టింపు లెక్కలోకి వచ్చేది ఇలాంటి చోటే. ఈ వైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్లే దిక్కు. మ్యాట్ల మీద మందు కొట్టడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు మురికి కడగాలి, తర్వాత మందు వేసి, డబ్బా మీద రాసినన్ని నిమిషాలు తడిగా ఉంచాలి. కొట్టిన వెంటనే గుడ్డతో తుడిచేస్తే మిగిలేది వాసనే.

నెత్తుటి విషయం పూర్తిగా వేరు. 1991లో తనకు హెచ్‌ఐవీ ఉందని అమెరికా బాస్కెట్‌బాల్ స్టార్ మ్యాజిక్ జాన్సన్ ప్రకటించాక ఆటల ప్రపంచం వణికిపోయింది. మర్నాటి ఏడాది ఆయన మళ్లీ ఆడదామనుకుంటే తోటి ఆటగాళ్ల భయమే అడ్డొచ్చింది. నిజానికి ఆటలో నెత్తుటి ద్వారా హెచ్‌ఐవీ సోకే అవకాశం అత్యల్పం. గాయమైతే బయటికి రావాలి, రక్తం ఆగాలి, గాయానికి కట్టు కట్టాలి, తడిసిన జెర్సీ మార్చాలి. ఎవరి నెత్తురైనా ఇదే పద్ధతి. అందుకని హెచ్‌ఐవీ ఉన్న పిల్లలు ఆ సంగతి జట్టుకు చెప్పుకోవాల్సిన పనీ లేదు, వాళ్లను ఆటకు దూరం పెట్టాల్సిన పనీ లేదు. పొక్కును దాచడం వేరు, ఈ గోప్యత వేరు. ఈ తేడా తెలియని కోచ్ చేతిలో, పొక్కులున్నాయేమో చూసే చర్మ పరీక్ష పెడితే అది నిలదీతగా మారుతుంది.

జ్వరంతో ఆడించకూడదన్నది అందరికీ తెలిసిందే. గ్రంథి జ్వరం, అంటే మోనో అనే వైరస్ జ్వరం, వచ్చిన పిల్లలకు ప్లీహం (కడుపులో ఎడమపక్క ఉండే అవయవం) ఉబ్బుతుందనీ, దెబ్బ తగిలితే చిట్లవచ్చనీ, కనీసం మూడు వారాలు ఆడకూడదనీ తెలిసినవాళ్లు తక్కువ. తట్టు లాంటివి గాలిలోనే పాకుతాయి కాబట్టి టీకా ఒక్కటే అసలైన అడ్డు. వేసుకున్న టీకాల జాబితా జట్టులో చేరిన రోజే చూడాలి.

ఇక చర్మ పరీక్ష ఎవరు చేయాలి? కోచ్ మాత్రం కాదు. ఎవరిని ఆడించాలో తేల్చే మనిషికి ఎవరిని ఆపాలో తేల్చే పని కూడా అప్పగిస్తే ఫైనల్ ముందురోజు ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. నర్సు గానీ, శిక్షణ ఉన్న ఇంకో టీచర్ గానీ తెర వెనుక, కెప్టెన్ నుంచి కొత్తగా చేరిన పిల్ల దాకా అందరినీ వరసగా చూడాలి. ఫలితం గాయాల రిజిస్టర్‌లోనే రాయాలి, బెణికిన చీలమండ కిందిగీతలో: తామర, మందు మొదలు సోమవారం, 72 గంటలు, గురువారం చూపించాలి, జట్టులో చోటు యథాతథం.