ఎర్రగడ్డ చెప్పే రొయ్య కథ

మైదుకూరు వైపు పండే కేపీ (కృష్ణాపురం) ఎర్రగడ్డను, అంటే ఉల్లిని, మన కడప ఇళ్లలో పెద్దగా వాడరు. చిన్న గడ్డ, ఘాటెక్కువ. మలేసియా, సింగపూర్ వాళ్లు కొంటేనే రైతుకు డబ్బు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతులు ఆపినప్పుడు ఇదీ ఆగిపోయింది. ఇక్కడ ఎవరూ పెద్దగా తినని గడ్డను ఆపితే ఇక్కడ ధర ఎట్లా తగ్గుతుందో నాకిప్పటికీ అర్థం కాదు. మరుసటి నెల 10 వేల టన్నులకు అనుమతిచ్చారు, అదీ చెన్నై రేవు నుంచే.

భీమవరం రొయ్యదీ ఇదే కష్టం, కాకపోతే చాలా పెద్దది. 2023-24లో దేశం 60,523 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేస్తే, అందులో 40 వేల కోట్లు ఫ్రోజెన్ రొయ్యలదే. ఆ రొయ్యల బరువులో నూటికి 41 పాళ్లు ఒక్క అమెరికాకే వెళ్లాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతం చేసింది. రొయ్యల్లో మన పోటీదారు, దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్‌కు అప్పుడు 15 శాతమే.

తప్పంతా సుంకానిదే అనుకుంటే మనసుకు హాయిగానే ఉంటుంది. కానీ రొయ్యల ఎగుమతిలో ఈక్వెడార్ అంతకుముందే మనల్ని దాటేసింది. వాళ్లవి విశాలమైన చెరువులు, పల్చగా రొయ్య పిల్లలు వేస్తారు, తల్లి రొయ్యలను సొంతంగా తయారు చేసుకుంటారు. మనం 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతిచ్చాం. తల్లి రొయ్యలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా విమానంలో అమెరికా నుంచే రావాలి.

మన చెరువుల్లో పిల్లలు ఒత్తుగా ఉంటాయి, కాబట్టి రోగం త్వరగా అంటుకుంటుంది. వలలో పడినవాటిని కిలో తూచి లెక్కపెడతారు. 30 వస్తే 30 కౌంట్, అంటే పెద్ద రొయ్య, పండగే. తెల్లమచ్చ రోగం వస్తుందన్న భయంతో ముందే పట్టేస్తే 100 కౌంట్, అన్నీ చిన్నవే, ఇక మేత అప్పు తీరదు. ఆ టెన్షన్‌లో ఎవరో ఒకరు నిషేధిత యాంటీబయాటిక్ వాడతారు. కంటెయినర్‌లో దాని ఆనవాలు దొరికితే చెడ్డపేరు అందరికీ. ఐరోపా 2016లో మన సరుకు తనిఖీని 10 నుంచి 50 శాతానికి పెంచింది ఇందుకే.

ఒలిచి, వండి, పిండి పూసి ప్యాకెట్లలో అమ్మే పనిలో వియత్నాం ముందుంది. ఆ పనిలో వచ్చే అదనపు లాభం మన చేతికి అందడం లేదు.

సొంత దేశంలో కొనేవాళ్లు లేకపోవడమే అన్నిటికంటే పెద్ద లోటని నా అభిప్రాయం. మొన్న ఆదివారం కడపలో చికెన్ అంగడి ముందు క్యూ ఉంది. పక్కనే ఐసు పెట్టెలో రొయ్యలున్నాయి. ఒకాయన వంగి చూసి, "ఇవి ఎట్లా చేయాలన్నా?" అని అడిగి, కిలో చికెన్ కొట్టించుకుని పోయినాడు.