ఆర్కైవ్స్ గారికి బహిరంగ లేఖ

శ్రీ ఆర్కైవ్స్ గారికి,
ఆప్ట్ వీధి, కాష్ పేట, వార్ మండలం,
నా పాత డెబియన్ లినక్స్ కంప్యూటరు, జిరాక్స్ కొట్టు, రావులపాలెం.

అయ్యా,

ఉభయకుశలోపరి. దించుకున్న ప్రోగ్రాముల ప్యాకేజీ ఫైళ్ళు దాచే ఫోల్డరు కదా తమరు. నిన్న పొద్దున్న డిస్కులో చోటు చాలట్లేదంటే, తిన్నదెవరా అని డీయూ కమాండుతో తూకం వేశాను. 20 జీబీల్లో తమరొక్కరే 4! లోపల చూస్తే ఫైర్‌ఫాక్స్ ఒక్కటే 11 వెర్షన్లు, మా మామ్మ అటకమీద పేర్చిన హార్లిక్స్ సీసాల్లాగా. ఆ సీసాల్లో కనీసం కందిపప్పు ఉండేది.

తప్పు నాదీ ఉందిలెండి. ప్రోగ్రాములు ఎక్కించడానికి ఉత్త ఆప్ట్ అనే కమాండు కొడితే, ఇన్‌స్టాల్ అవగానే దించుకున్న ఫైలు చెరిపేస్తుంది. పాత అలవాటు కొద్దీ నేను ఆప్ట్-గెట్ కొడతాను, అదేమో అన్నీ తమకే అప్పగిస్తుంది.

తమ చుట్టాల సంగతి మరీను. పీడీఎఫ్‌లు కలిపే ప్రోగ్రాం ఒక్కటి అడిగితే 43 దిగాయి. డిపెండెన్సీలంటే సరే, అవి లేకపోతే బండి కదలదు. ఈ రికమెండ్స్ బాపతు ఎవరండీ? రాకపోయినా పెళ్ళి ఆగదు, కానీ వద్దని ముందే చెప్పకపోతే బస్సెక్కేస్తారు.

సరే, మర్యాదగా సర్దుదామని ప్యాకేజీల కొత్త జాబితా తెప్పించి, పాత ఫైళ్ళు ఏరిపారేసే ఆటోక్లీన్ కమాండుని పంపాను. దాని తెలివి చూడండి: రిపాజిటరీలో, అంటే ప్యాకేజీల నెట్ గోదాములో, మళ్ళీ దొరికేవాటిని ఉంచుతుంది, ఇక దొరకనివాటిని పారేస్తుంది. సంతలో దొరికే ఉప్పు ప్యాకెట్టు దాచిపెట్టి, పోయిన మామ్మ చేతి మాగాయ జాడీని గోదాట్లో కలిపినట్టు!

చోటు దొరికింది కదా అని అప్‌గ్రేడ్ కూడా కానిచ్చాను. అంతే, ప్రింటరు మూగబోయింది. పాత డ్రైవరు పెడదామంటే, దాని ఫైలు మాగాయ వెంటే పోయింది. పాతవన్నీ దాచే స్నాప్‌షాట్ సైటు ఒకటుంది గానీ, సరిగ్గా అప్పుడే నెట్టు పోయింది. అడంగల్ కాపీ కోసం నిలబడ్డ రైతు గంటలో నాలుగోసారి అడిగాడు: “అయిపోయిందాండీ?”

“ఆయ్, అయిపోయిందండి” అన్నాను, డ్రైవరుని తలుచుకుని. పాపం, చెయ్యి చాపాడు.

ఆ ఉక్రోషంలో, ఉన్నవన్నీ ఊడ్చేసే ‘క్లీన్’ కొట్టేశాను. ఇప్పుడు తమ ఇంట్లో ‘పార్షియల్’ అనే ఖాళీ గదీ, ఒక లాక్ ఫైలూ మిగిలాయి. మా లొల్ల లాకుల వెనకాల కాలవైనా ఉంది. తమ లాకు దేన్ని ఆపుతున్నట్టండీ?

ఇట్లు,
తమ ఇంటి యజమాని (రూట్)