‘ఆదిత్య 369’ కాపీ, పాత సైన్స్ ఫిక్షన్ కామెడీ: ఈ ఫార్వర్డ్‌లో నిజమెంత?

ఒంగోలు నుంచి సూళ్లూరుపేట దాకా సినిమా పిచ్చి ఉన్న ఏ వాట్సాప్ గ్రూపులో చూసినా తిరిగే ఫార్వర్డ్ ఒకటుంది. దాని సారం ఇది: “తెలుగులో సైన్స్ ఫిక్షన్ అంటే ‘ఆదిత్య 369’ ఒక్కటే. అది కూడా ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’కి కాపీ. పాత సైన్స్ ఫిక్షన్‌లో నిజమైన జోస్యాలే గొప్పవి, మిగతాదంతా కాలం చెల్లిన సరుకు. పాత సినిమాలైతే ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది.” కింద నవ్వే బొమ్మలు నాలుగు.

మొదటి మాటకి ఎక్కువసేపు అక్కర్లేదు. పుస్తకాల్లో యండమూరి ‘యుగాంతం’, ‘చీకట్లో సూర్యుడు’, మల్లాది ‘నత్తలొస్తున్నాయి జాగ్రత్త’, వేమూరి వేంకటేశ్వరరావు ‘మహాయానం’, అనిల్ ఎస్. రాయల్ ‘నాగరికథ’ ఉన్నాయి. సినిమాల్లో 2018లో ‘అంతరిక్షం’, 2022లో ‘ఒకే ఒక జీవితం’, 2024లో ‘కల్కి’ వచ్చాయి. బాగున్నాయా లేదా అన్నది వేరే సంగతి, లేవనడం మాత్రం కుదరదు.

అసలు మరుగున పడిపోయింది వేరే ఉంది. 1963లో తమిళంలో ‘కలై అరసి’ అని ఎంజీఆర్ సినిమా వచ్చింది. హీరోయిన్ మన భానుమతి, ఒంగోలు దగ్గర దొడ్డవరం ఆమెది. పై లోకంలో సైన్సంతా ఉంది గానీ పాటా ఆటా సరిగా రావు. నేర్పడానికి ఒక కళాకారిణి కావాలని అక్కడి శాస్త్రవేత్త భూమ్మీదికి దిగి, భానుమతి పాత్రని ఎత్తుకుపోతాడు. గ్రహాంతరవాసి భూమిని తగలబెట్టడానికో ఏలడానికో రావాలనే రివాజు ఉన్న రోజుల్లో, సంగీతం టీచరు కోసం వచ్చాడన్నమాట! ఆ ఒక్క ఊహకైనా ఆ సినిమాని ఎవరో ఒకరు తలుచుకోవాలి. ఫార్వర్డ్ రాసినాయనకి దాని పేరు కూడా తెలిసినట్టు లేదు.

ఇక ‘కాపీ’ సంగతి. కాపీ అంటే ఏందబ్బా? రెండు కథల్లోనూ టైమ్ మెషీన్ ఉంటే చాలా? టైమ్ మెషీన్ కథని తూచాలంటే మూడు ప్రశ్నలు వేయాలి. గతాన్ని కదిపితే ఏమవుతుంది? వేరే కాలానికి వెళ్లినవాళ్లు పోగొట్టుకునేదేముంది? ఏ కాలానికి పోతారు, ఎందుకు?

‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ (1985)లో కుర్రాడు 1955కి పోయి, తన తల్లీ తండ్రీ కలవడానికే అడ్డం పడతాడు. దాన్ని సరిచేయకపోతే తను పుట్టడు. జేబులో ఉన్న ఫొటోలో ముందు అన్న, తర్వాత అక్క చెరిగిపోతూ వస్తారు. గతం మారితే వర్తమానం చెడుతుందన్న ఆ నియమం తీసేస్తే కథే లేదు.

‘ఆదిత్య 369’ (1991)లో పోయేది 1526కి, శ్రీకృష్ణదేవరాయల కొలువుకి. అక్కణ్ణించి 2504కి. హీరో పుట్టుకకి వచ్చిన ముప్పేమీ లేదు. కథని లాగేది రాయల కాలం నాటి వజ్రం, పురాతన వస్తువుల పిచ్చితో దాని మీద కన్నేసిన రాజావర్మ. 2504లో అణుయుద్ధం తర్వాత రేడియేషన్‌కి భయపడి మనుషులు నేల కింద బతుకుతుంటారు. దీనికి చుట్టం ఎక్కడుందో వెతకాలంటే హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’ చూడాలి. అందులో 8,02,701వ సంవత్సరంలో నేల పైన ఒక జాతి, నేల కింద ఇంకో జాతి ఉంటాయి. తనకి ప్రేరణ వెల్స్ నవలేనని సింగీతం శ్రీనివాసరావు గారు చెప్పారు కూడా.

పోలికలు అసలు లేవనడం కూడా అబద్ధమే. లోకంతో పట్టని ప్రొఫెసరు, అనుకోకుండా కదిలిపోయే యంత్రం రెండింట్లోనూ ఉన్నాయి. అంతమాత్రానికే కాపీ అంటే హాలీవుడ్ సినిమా కూడా వెల్స్‌కి కాపీయే. వెల్స్ నవలకంటే ఎనిమిదేళ్ల ముందు, 1887లోనే ఎన్రికే గాస్పర్ అనే స్పెయిన్ రచయిత కాలంలో తిరిగే యంత్రంతో నవల అచ్చేశాడు. అప్పుడు వెల్స్‌ని ఏమనాలి?

గతం అనగానే అమెరికా వాళ్లకి అమ్మానాన్నల హైస్కూలు తట్టింది. నెల్లూరు జిల్లాలో పుట్టిన సింగీతానికి భువనవిజయం తట్టింది. ఉదయగిరి కోటని 1514లో గజపతుల నుంచి గెల్చుకున్న రాయలు ఇక్కడివాళ్లకి పాఠ్యపుస్తకంలో పేరు మాత్రమే కాదు కదా. ఈ కథని నమ్మి నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ చెవిన వేసింది కూడా మన నెల్లూరు గాయకుడు ఎస్పీ బాలు గారే.

జోస్యాల లెక్కకి వద్దాం. ఈ ఫార్వర్డ్‌కి తోడు ఇంకోటి తిరుగుతుంది: “జూల్స్ వెర్న్ 1865లోనే రాకెట్‌ని ఫ్లోరిడా నుంచి పంపాడు. భూమి తిరిగే వేగం కలిసొస్తుందని ఆయనకి అప్పుడే తెలుసు. శ్రీహరికోటని ఎంచుకున్నదీ అందుకే.” శ్రీహరికోట వరకు నిజమే. అది భూమధ్యరేఖకి సుమారు 13.7 డిగ్రీల ఉత్తరాన, తూర్పున సముద్రంతో ఉంది. తూర్పుకి వదిలిన రాకెట్‌కి భూభ్రమణ వేగం కలిసొస్తుంది, విడిపోయిన భాగాలు నీళ్లలో పడతాయి. ‘ఫ్రమ్ ది ఎర్త్ టు ది మూన్’ నవలలో ఫ్రెంచి రచయిత వెర్న్ చెప్పిన కారణం వేరు. చంద్రుడు నడినెత్తి మీదికి వచ్చేది సుమారు 28 డిగ్రీల అక్షాంశం లోపలే, ఫిరంగిని నిట్టనిలువుగా పేల్చాలి కాబట్టి ఆ హద్దులో ఊరు కావాలి. ఆయన పంపింది రాకెట్ కూడా కాదు, ఫిరంగి గుండు.

ఆ ఫిరంగి పొడవు 900 అడుగులు, అంటే 274 మీటర్లు. గుండు వేగం సెకనుకి 12 వేల గజాలు, దాదాపు 11 కిలోమీటర్లు. వేగం వర్గాన్ని పొడవుకి రెట్టింపుతో భాగిస్తే త్వరణం వస్తుంది. అది గురుత్వానికి 22 వేల రెట్లకు పైనే. లోపలున్న ముగ్గురూ ఫిరంగి మూతి దాటకముందే పచ్చడైపోతారు. జోస్యంగా చూస్తే వెర్న్ ఘోరంగా తప్పాడు. అయినా చదవాలి, ఎందుకంటే అది అమెరికా అంతర్యుద్ధం అయిపోయి పని లేక గోళ్లు గిల్లుకుంటున్న ఫిరంగుల తయారీదారుల మీద వేళాకోళం. చంద్రుడి మీదికి గుండు పేల్చితే తప్ప పొద్దుపోని మనుషులు వాళ్లు. ఆ వేళాకోళానికి ఇంకా పదును పోలేదు.

చివరిది, ‘నవ్వొస్తుంది’ అన్న మాట. చాలామందికి నిజంగానే వస్తుంది, కానీ ఎక్కువసార్లు దానికి కారణం సినిమాలో ఉండదు, చూసే పద్ధతిలో ఉంటుంది. మూకీలని సెకనుకి సుమారు 16 నుంచి 20 ఫ్రేముల లెక్కన చేత్తో తిప్పి తీసేవారు. 16తో తీసినదాన్ని 24తో ఆడిస్తే మనుషులు ఒకటిన్నర రెట్ల వేగంతో గెంతుతారు. యూట్యూబ్‌లో అలాంటి ప్రింటు దొరికితే వేగం 0.75 పెట్టండి, 18 ఫ్రేములకి దగ్గరగా వస్తుంది. సంగీతం సాగిపోతుంది కాబట్టి సౌండు కట్టేయండి. వేగం ముందే సరిచేసిన ప్రింటైతే దీన్ని ముట్టుకోవద్దు, నత్తనడక అవుతుంది. వేగం సరిగా ఉందో లేదో నీళ్లు పోసే చోట, గుర్రం పరిగెత్తే చోట చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత టీవీ. 4:3 బొమ్మని 16:9 తెరకి సాగదీస్తే మొహాలన్నీ మూడో వంతు లావెక్కుతాయి. పిక్చర్ సైజుని ‘ఒరిజినల్’కి మార్చండి, పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. ఎల్జీలో ‘ట్రూమోషన్’, సామ్‌సంగ్‌లో ‘ఆటో మోషన్ ప్లస్’ (కొత్తవాటిలో ‘పిక్చర్ క్లారిటీ’), సోనీలో ‘మోషన్‌ఫ్లో’ అనే సెట్టింగ్ ఆపేయండి. అది లేని ఫ్రేముల్ని కల్పించి మధ్యలో దూరుస్తుంది, దాంతో ఎంత గొప్ప సినిమా అయినా మధ్యాహ్నం సీరియల్‌లా కనిపిస్తుంది.

ఇవన్నీ సర్దుకుని 1927 నాటి జర్మన్ మూకీ ‘మెట్రోపొలిస్’లో నగరం చూడండి. కెమెరా ముందు 45 డిగ్రీల కోణంలో అద్దం పెట్టారు. పక్కనున్న చిన్న నమూనా భవనం అందులో ప్రతిబింబిస్తుంది. నటులు కనిపించాల్సిన చోట మాత్రం అద్దం వెనక వెండిపూత గీకేశారు. ఆ కిటికీలోంచి, వెనక దూరంగా నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. నమూనా, మనుషులు ఒకే ఫిల్ము మీద ఒకేసారి పడతారు. అద్దం జుట్టు మందం కదిలినా అతుకు బయటపడుతుంది. దగ్గరి బొమ్మా దూరపు మనుషులూ రెండూ స్పష్టంగా ఉండాలంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని బాగా చిన్నది చేయాలి, దానికి తగ్గట్టు లైట్లు పెంచాలి. కంప్యూటర్ లేని రోజుల్లో జరిగిన పని ఇది. నవ్వాలంటే నవ్వుకోవచ్చు, ముందు అతుకెక్కడో పట్టుకుని చూపించాలి.

మంచివైతే ఎందుకు మరుగున పడ్డాయి అంటారు. బీబీసీ 1953లో ‘ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్‌ని లైవ్‌లో ప్రసారం చేసింది. ఆరు భాగాల్లో మొదటి రెండే రికార్డయి మిగిలాయి. తక్కిన నాలుగూ ఎంత బాగున్నా ఇప్పుడు ఎవరూ చూడలేరు.

ఉన్నవాటిలోనూ ఏ ప్రింటు చూస్తున్నారో చూసుకోవాలి. ‘బ్లేడ్ రన్నర్’ 1982 థియేటర్ ప్రింటులో హీరో గొంతుతో వ్యాఖ్యానం, చివర అతికించిన సుఖాంతం ఉంటాయి. 2007 నాటి ‘ఫైనల్ కట్’లో ఆ రెండూ ఉండవు, అదే చూడండి. ‘మెట్రోపొలిస్’ నిడివి 83 నిమిషాల చిల్లర ఉంటే అది 1984లో రాక్ పాటలు తగిలించి కుదించినది. 2008లో బ్యూనస్ ఎయిరిస్‌లో దొరికిన 16 ఎంఎం కాపీలోంచి పోయిన దృశ్యాలు దాదాపు 25 నిమిషాలవి చేర్చి, 2010లో పునరుద్ధరించిన ప్రింటు రెండున్నర గంటల దాకా ఉంటుంది. కొత్తగా చేర్చిన ముక్కల మీద గీతలు నిలువునా కనిపిస్తాయి, ఫ్రేము కూడా కాస్త చిన్నగా ఉంటుంది. ప్లే నొక్కేముందు నిడివి చూసుకోండి.