మహారాజశ్రీ క్రెడిట్ స్కోరు దొరవారికి

మహారాజశ్రీ క్రెడిట్ స్కోరు దొరవారి సముఖమునకు, ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో కొత్తగా దిగినవాళ్లు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మేం క్షేమమని తమకు తెలిసే వీల్లేదనుకోండి. తమ లెక్కలో మేమింకా పుట్టనేలేదు.

అప్పు సరిగ్గా తీరుస్తారా లేదా అని అమెరికాలో మనిషికి వేసే మార్కులైన తమరు 300 నుంచి 850 దాకా ఉంటారు. మేం సున్నా కూడా కాదు, ఖాళీ. హైదరాబాద్‌లో ఇంటి లోను ఒక్క వాయిదా తప్పకుండా కట్టి, అక్కడి క్రెడిట్ స్కోరు సిబిల్‌లో 800 దాటినవాళ్లదీ ఇక్కడ ఖాళీ పలకే. ఆ సిబిల్ ట్రాన్స్‌యూనియన్ వారిది. ఇక్కడ తమకు చిట్టాలు రాసిపెట్టే ముగ్గురు గుమాస్తాల్లో ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్ పోగా మూడోవారూ ఆ ట్రాన్స్‌యూనియన్ వారే. అక్కడ అంత గౌరవంగా పలకరించినవారు, సముద్రం దాటేసరికి ఎవరు మీరంటారు.

వాల్‌మార్ట్ కొలువుకని ఈ ఊరొచ్చినవాళ్లకు కారు లేనిదే పాలప్యాకెట్టు కూడా ఇంటికి రాదు. కారు లోనుకు స్కోరు కావాలి, స్కోరు పుట్టాలంటే అప్పుండాలి, అప్పు పుట్టాలంటే స్కోరుండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని వింటూ పెరిగినవాళ్లం, తమ దర్బారులో అతగాడే అనామకుడని తెలిసి గుడ్లు తేలేశాం.

దీనికి మందు సెక్యూర్డ్ క్రెడిట్ కార్డట. మన 200 డాలర్లు బ్యాంకులో డిపాజిట్ చేసి, ఆ 200 మనమే అప్పుగా వాడుకోవాలి. అందులోనూ 30 శాతం, అంటే 60 డాలర్లు దాటితే తమ మొహం మాడుతుంది. ఒక సోనామసూరి బస్తా, కందిపప్పు, చింతపండు, నూనె డబ్బా బండిలో పడేసరికి ఆ 60 హుష్‌కాకి. గడువులోగా అణా పైసలతో సహా కట్టేశాం కదా అంటే చెల్లదు. గుమాస్తాలకు మామూలుగా చేరేది స్టేట్‌మెంట్ తేదీనాటి, అంటే బిల్లు తయారయ్యే రోజునాటి బాకీ, గడువు తేదీనాటిది కాదు. అందుకే గుట్టు తెలిసినవాళ్లు స్టేట్‌మెంటుకు మూడు నాలుగు రోజుల ముందే చాలామటుకు కట్టేస్తారు. బిల్లు రాకముందే బిల్లు కట్టడం మా తాతలు కూడా ఎరగరు! ఇలా ఆరు నెలలు నోము పడితే తమ తొలి దర్శనం. ఈలోగా ఒక్క వాయిదా 30 రోజులు దాటిందా, ఆ మచ్చ ఏడేళ్లు.

కారు లోనుకు నలుగురిని అడగాల్సివస్తే 14 రోజుల్లోపే అడిగెయ్యాలి. అప్పు అడిగినందుకే కాస్త తగ్గిపోయే తమరు, అప్పుడు ఆ నాలుగూ ఒక్కటిగా లెక్కేస్తారు. ఈ ఒక్క దయకు దండాలు.

తమకు అసలు కొరుకుడుపడనివి మా పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, వీసా మీద సొంత పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిగి, పేరుండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదని దాని అర్థం. అమ్మానాన్నలు బారసాల చేసి, బియ్యంలో రాసి మరీ పెట్టిన పేరది. బ్యాంకులో ఒకలా, కారు లోను కాగితాల్లో ఇంకోలా రాయించుకుంటే ఒకే మనిషికి రెండు చిట్టాలు తెరుచుకునే ప్రమాదముంది. సోషల్ సెక్యూరిటీ కార్డు మీదున్న అక్షరాలే అన్నిచోట్లా రాయించుకుని, వారానికోసారి ఉచితంగా వచ్చే ఆ చిట్టాల రిపోర్టు తెప్పించి చూసుకుంటున్నాం. తమరు కూడా ఒకసారి చూసుకోండి.

ఇట్లు,
తమ విధేయులు
ఎఫ్‌ఎన్‌యూ, ఎఫ్‌ఎన్‌యూ, ఎఫ్‌ఎన్‌యూ తదితరులు